దారం నిండుకుంది

మా అమ్మ ఏనాడూ ఇంట్లో బియ్యం లేవు అనలేదు. డబ్బా అడుగు గోకినా సరే, బియ్యం నిండుకున్నాయి అనేది. దీపం ఆరిపోయింది అనేది కాదు, కొండెక్కింది అనేది. లేదు అన్న మాట ఇల్లు వింటే అదే ఖాయమైపోతుందని ఆమె భయం. మా ప్రొద్దుటూరులో ఏ ఇంట్లో చూసినా ఇంతే కాబట్టి దాన్ని ఒక ఆచారం అని కూడా నేను అనుకోలేదు. ఆ మాట వల్ల ఒక ఆఫీసు ఊరు దాటిపోతుందని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

మద్రాసులో కుట్టు మిషన్ల కంపెనీ ఒకటి ఉండేది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలు మూడింటికీ కలిపి దాని ఆఫీసు జమ్మలమడుగులో పెట్టారు. కంపెనీకి మొదట దొరికిన ఏజెంటు ఆ ఊరివాడు, అంతకుమించి కారణమేమీ లేదు. మిషన్లు అమ్మడం, చెడిపోతే బాగుచేయడం, దారం, సూదులు, నూనె చుట్టుపక్కల అంగళ్ళకు పంపడం ఆఫీసు పని. ముందు గదిలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే క్లాసు నడిచేది. ఆ క్లాసుకు టీచర్ని నేను.

మా నాన్న పోయాక ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించక తప్పలేదు. నేను మద్రాసు పోయి కంపెనీ వాళ్ళ దగ్గరే పని నేర్చుకొని వచ్చాను. సోమవారం పొద్దున బస్సులో జమ్మలమడుగు చేరి, వారమంతా ఆఫీసు వెనక గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం ఇల్లు చేరేదాన్ని. పెళ్ళికాని పిల్ల వేరే ఊళ్ళో ఉద్యోగమేమిటని ముక్కున వేలేసుకున్న మా వీధివాళ్ళే, నెల తిరగకముందే రవికె గుడ్డలు చంకన పెట్టుకొని మా గడప తొక్కారు. నేను ఒక్కరి రవికె కూడా ఊరికే కుట్టలేదు.

ఆఫీసు గోడను ఆనుకొని ఒక సందు ఉండేది. దూది ఏకి పరుపులు కుట్టే ముస్లిం కుటుంబాలు అందులో కాపురముండేవి. వాళ్ళు ఇళ్ళలోనూ తెలుగే మాట్లాడేవాళ్ళు. సందులో మొదటి ఇంటి కోడలు నాకంటే కొంచెం పెద్దది. భర్త పోయాడు, పిల్లల్లేరు. అత్తతోనూ, మరిది సంసారంతోనూ కలిసి ఉండేది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను.

అక్క పగలంతా దూదిలోనే ఉండేది. మరిది విల్లు మీటుతూ ఏకుతుంటే దూది పొట్టు గది నిండా లేచేది. ఆమె ఆ దూదిని పరుపు సంచుల్లో కూరి, పెద్ద సూదితో కుట్టేది. పనిచేసేవాళ్ళందరికీ అంతో ఇంతో దగ్గు ఉండేదిగానీ అక్కది వేరే దగ్గు. మొదలైతే మనిషి వంగిపోయి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు ఇచ్చి, మందుకంటే ముందు దూదికి దూరంగా ఉండమంది. ఆ ఇంట్లో దూది లేని మూల ఏదో ఆమె చెప్పలేదు.

ఆమెను మా క్లాసుకు పంపింది అత్త. "దీని దగ్గు ఇనలేక నాకు నిద్ర పట్టడంల్యా టీచరమ్మా. నీ దగ్గర కూర్చోబెట్టుకో" అని చెయ్యి పట్టుకొని తెచ్చి వదిలింది. పైకి విసుగులా అనిపించినా అది ప్రేమే. మరిదికి ఇష్టం లేకపోయినా, గోడ పక్కనే కదా, బజారు దాటేది లేదు కదా అని ఊరుకున్నాడు.

పరుపుల సూదికి అలవాటైన చేతికి మిషను సూది ఆనలేదు. మొదటి వారం ఆమె విరగ్గొట్టిన సూదులకు మేనేజరు గుండె పట్టుకున్నాడు. అయితే ఆ చెయ్యి కుదిరాక ఇంక చూడాల్సిన పని లేకపోయింది. చొక్కా కాలరు ఆమె తిప్పినంత శుభ్రంగా నేను తిప్పలేను. ఈ మాట అప్పుడూ ఒప్పుకున్నాను, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? క్లాసుకు వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని, రెండో టీచరుగా ఆమెను తీసుకోమని మేనేజరు చేత మద్రాసుకు రాయించాను. చూద్దాం అని జవాబు వచ్చింది. అది చాలు అక్కకు. ఆ ఉద్యోగం వస్తే ఇంక దూది ముట్టను అని మరిదికి చెప్పేసింది. వాడూ "దుడ్లు తెస్తే నాకేం, ముట్టొద్దులే" అన్నాడు. క్లాసులో ఉన్నంతసేపూ ఆమెకు దగ్గు రాకపోవడం మేమందరం గమనించాము.

మా క్లాసులో దారం గురించి అలా మాట్లాడటం అక్కే మొదలుపెట్టింది. ఒకరోజు ఎవరో తెల్లదారం అయిపోయింది అంటే, "అట్లనగూడదుమే, నిండుకుంది అనల్ల. మనకు ఇదే కదా బియ్యం" అంది. అప్పట్నుంచి మా దగ్గర దారమూ నిండుకునేది, సూదులూ నిండుకునేవి, నూనె సీసా కూడా నిండుకునేది.

ఇంతలో ఆఫీసు మారుస్తారని పుకారు పుట్టింది. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోతుందని అందరూ చెప్పుకుంటున్న రోజులు అవి. మా మేనేజరు జమ్మలమడుగువాడే, మంచి మాటకారి. కాఫీ హోటల్లో ఎవరైనా "ఏమప్పా, మీ ఆఫీసు యాడికో పోతాందంట?" అని అడిగితే, "రాజధానే పోతాంది, మా ఆఫీసు పోతే ఏమాయ?" అని నవ్వించేవాడు. ఆఫీసుకు వచ్చి కూర్చున్నాక మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. ఆయనకు సొంత ఇల్లు, ముసలి తల్లి, కొంచెం చేను అన్నీ అక్కడే.

కంపెనీ ముందు మూడు దారులున్నాయి. ఉన్నచోటే ఉంచడం, ప్రొద్దుటూరికి మార్చడం, లేదా పులివెందులకు మార్చడం. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు, పత్తి మిల్లులు, బట్టల వ్యాపారం ఉన్నాయి. అక్కడ రోజుకు అమ్మేది ఇక్కడ వారానికి కూడా అమ్మలేమని లెక్కలు తెలిసినవాళ్ళు అనేవాళ్ళు. పులివెందుల వాళ్ళేమో, ఉన్నదంతా మీ ఏటి ఒడ్డునే పెట్టుకుంటే మేము ఎక్కడికి రావాలని పోట్లాడేవాళ్ళు. ఎవరి మాటలో వాళ్ళకు న్యాయం ఉంది. నాకైతే ప్రొద్దుటూరు వస్తే మేలే. అమ్మ చేతి అన్నం తిని నడిచి ఉద్యోగానికి పోవచ్చు.

అక్క ఒకరోజు మిషను తుడుస్తూ, "ఆఫీసు ప్రొద్దుటూరికి పోతే నన్ను గూడా తీస్కపోతావా టీచరమ్మా?" అని అడిగింది. వచ్చి మా ఇంట్లోనే ఉండమన్నాను. మా అమ్మకు అభ్యంతరం ఉండదని నాకు తెలుసు. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పినట్టుంది. మరునాడు మరిది ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి, నన్ను చూడకుండా, "బస్సెక్కి ఉద్యోగానికి పొయ్యే ఆడది మా ఇంట్లో లేదు, ఉండదు" అని చెప్పి పోయాడు. ఇక ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆఫీసు జమ్మలమడుగులో ఉంటే అక్కకు ఉద్యోగం, పోతే మళ్ళీ దూది. ఇందులో మాకెవరికీ అనుమానం లేదు.

ఆ వానాకాలం పెన్నకు నీళ్ళు బాగా వచ్చాయి. మా సరుకు ముద్దనూరు స్టేషనులో దిగి, ఏరు దాటి రావాలి. బండ్లు దాటే వీలు లేక పార్సిళ్ళు స్టేషనులోనే ఉండిపోయాయి. ఆఫీసులో దారం, సూదులు పూర్తిగా అయిపోయాయి. మూడు తాలూకాల నుంచీ దర్జీలు వచ్చి ఖాళీ చేతులతో తిరిగిపోయేవాళ్ళు. సరిగ్గా అప్పుడే, మద్రాసు నుంచి పెద్ద ఆఫీసరు మూడు ఊళ్ళూ చూసి, ఆఫీసు ఎక్కడ ఉండాలో తేలుస్తాడని జాబు వచ్చింది.

మా మేనేజరుకు దర్జా ముఖ్యం. అద్దాల బీరువా బోసిగా కనబడితే పరువు పోతుందని, ఖాళీ దారం డబ్బాలన్నీ దుమ్ము తుడిచి, రంగులవారీగా వరసలు పేర్చాడు. పెళ్ళిలో సారె పెట్టినట్టు ఉందని నేను ఎగతాళి చేశాను. ఆయన నవ్వకుండా, "ఆయప్ప ముందర లేదు అనే మాట మాత్రం ఒక్కరు కూడా అనగూడదు. చెప్తాండా" అని అందరికీ గట్టిగా చెప్పాడు.

ఆఫీసరు ముందు పులివెందుల చూస్తాడని జాబులో ఉంది. అందుకని ఏరు తగ్గగానే మేనేజరు పులివెందులకు ఎదురుపోయాడు. వచ్చేటప్పుడు ముద్దనూరులో పార్సిళ్ళు కూడా విడిపించుకొని వస్తానన్నాడు. ఆఫీసరేమో దారి మార్చి, ప్రొద్దుటూరు మీదుగా కారులో నేరుగా మా గుమ్మంలో దిగాడు.

కుర్రవాడే. మర్యాద తెలిసినవాడు. ఆడవాళ్ళ క్లాసు అని బూట్లు బయటే విడిచాడు. వాళ్ళది తెలుగు కుటుంబమేగానీ మూడు తరాలుగా మద్రాసులో స్థిరపడ్డారట. ఆయన చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలోనే పెరిగాడట. తెలుగు బాగానే మాట్లాడాడుగానీ ఆ తెలుగులో వంటిల్లు లేదు. ఇది నాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు నేను ఆయనకు కాఫీ కాయడానికి వెనక గదిలోకి పోయి కుంపటి విసురుతున్నాను. ముందు గదిలో మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి.

ఆయన అక్క కుట్టిన కాలరు చేతిలోకి తీసుకొని చాలా బాగుందన్నాడు. తర్వాత బీరువా ముందు నిలబడ్డట్టున్నాడు.

"దారం స్టాకు ఎలా ఉందమ్మా?"

"నిండుకుంది సార్" అంది అక్క. "సూదులు గూడా నిండుకున్నాయి."

"ఎన్నాళ్ళనుంచి?"

"శానా దినాలాయ సార్."

"మరి క్లాసుకు వచ్చేవాళ్ళు ఏం చేస్తున్నారు?"

"ఏం జేస్తారు సార్. వస్తాండారు, ఉత్తగా కూర్చోని పోతాండారు."

అక్క గొంతు ఎంత మెత్తగా ఉందో నాకింకా గుర్తు. పెద్దాయన ముందు ఒక్క చెడ్డమాట దొర్లకుండా మాట్లాడింది. నేను కుంపటి దగ్గర కూర్చొని, అబ్బ, ఎంత చక్కగా చెప్పింది అనుకున్నాను. కాఫీ తాగి, అందరికీ నమస్కారం పెట్టి ఆయన వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మేనేజరు బండి నిండా పార్సిళ్ళతో ఆఫీసు చేరాడు. కొత్త డబ్బాలు పెట్టడానికి బీరువాలోంచి పాతవి తీసి బయట పడేశాము. కాలరు మెచ్చుకున్నాడు కాబట్టి ఉద్యోగం వచ్చినట్టేనని క్లాసంతా అక్కను ఆటపట్టించారు. ఆమె మొహం అంత వెలిగి ఉండటం నేను అదివరకు చూడలేదు.

కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. జమ్మలమడుగు ఆఫీసు, క్లాసు మూసేసి ప్రొద్దుటూరికి మార్చాలి. మేనేజరు ఉండబట్టలేక మద్రాసు పోయాడు. తిరిగి వచ్చినరోజు క్లాసు ముగిసి అందరూ వెళ్ళిపోయాక, నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"స్టాకు నిండి శానా దినాలుగా మూలుగుతాంది, వచ్చినోళ్ళు పనిలేక కూర్చోని పోతాండారు, ఆ ఊరికి ఆఫీసెందుకయ్యా అన్యాడు. ఎవురు చెప్పినారు సార్ అంటే, మీ క్లాసులో ఆమే చెప్పింది, నేను కళ్ళారా బీరువా గూడా చూసినా అన్యాడు. నాకేం అర్థం కాల్యా. నోరు మూసుకోని వచ్చి రైలెక్కినా. రైల్లో నా ఎదురుగా కూర్చున్న ఒకామె మరచెంబు వంచి చూసి, నీళ్ళు నిండుకున్నాయి అని మొగునితో అన్యాది. అప్పుడు తెలిసింది టీచరమ్మా."

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. కుంపటి దగ్గర విన్న ఆ నాలుగు మాటలు మళ్ళీ మొదటినుంచి చివరిదాకా విన్నాను, ఈసారి ఆ కుర్రవాడి చెవులతో. ఒక్క మాట కూడా తప్పిపోకుండా అన్నీ తిరగబడి కూర్చున్నాయి. ఎంత కడుపుమండినా ఎవరిని తిట్టాలో తెలియలేదు.

మేనేజరు ఇంటికి కూడా పోకుండా అక్కడే కూర్చొని, నిండుకోవడం అంటే ఏమిటో వివరిస్తూ మద్రాసుకు రాశాడు. జవాబు పొట్టిగా వచ్చింది. ప్రొద్దుటూరులో ఇల్లు బాడుగకు మాట్లాడుకోవడం అయిపోయింది. స్టాకు లేకపోతే మరి అద్దాల బీరువాలో పేర్చినవేమిటో మేనేజరు చెప్పాలి. ఆయన ఆ జాబు మడిచి జేబులో పెట్టుకున్నాడు. 

సామాను లారీకెక్కించే రోజు అక్క పొద్దున్నే వచ్చింది. తను కూర్చునే మిషనును ఎవరినీ ముట్టనీయకుండా తనే తుడిచి, సూది విప్పి, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. హమాలీలు దాన్ని ఎత్తుకుపోయాక నన్ను పక్కకు పిలిచి, "ఆయప్పతో నేనేమన్నా తప్పు మాట చెప్పినానా టీచరమ్మా?" అంది.

"లేదక్కా. నువ్వు చెప్పిందంతా మంచే. ప్రొద్దుటూరులో బేరమెక్కువని పోతున్నారు" అన్నాను. అందులో అబద్ధం ఎంతో నిజం ఎంతో నాకే తెలియదు. అక్క నిండుకుంది అనకపోయినా ఆఫీసు పోయేదేమో. ఎవరికి తెలుసు? ఆమె తల ఊపి, "మా కాలరు చూసినాడు కదా. మళ్ళా యాడన్నా తెరిస్తే గుర్తు పెట్టుకుంటాడులే" అంది. నేను లారీ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. సందు మొదట్లో విల్లు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ప్రొద్దుటూరులో ఆఫీసు బాగా నడిచింది, కాదనను. మేనేజరు రోజూ బస్సులో వచ్చి పోయేవాడు. సాయంత్రాలు తన ఊళ్ళో కాఫీ హోటల్లో కూర్చొని, ఆఫీసు ఎలా పోయిందో కథలాగా చెప్పేవాడట. నిండుకుంది సార్, నిండుకున్నాయి సార్ అని అక్క గొంతు అనుకరించి నవ్వించేవాడట. ఖాళీ డబ్బాల సంగతి మాత్రం ఆ కథలో ఉండేది కాదట. ఈ సంగతి నాకు తెలిసిన రోజు ఆయన ముందే చెప్పాను, మీరు మగవాళ్ళయితే డబ్బాల సంగతి కూడా చెప్పండి అని. ఆయన తల వంచుకొని రసీదులు సర్దుకున్నాడు. నా ఉద్యోగం పోతుందని మా అమ్మ భయపడిందిగానీ అలాంటిదేమీ జరగలేదు.

మరుసటి ఏడు జమ్మలమడుగులో పాత శిష్యురాలి పెళ్ళికి పిలుపు వస్తే వెళ్ళాను. అక్క కోసం మంచి దారం డబ్బా ఒకటి కొన్నాను. సందులో మొదటి ఇల్లు అలాగే ఉంది. లోపలికి అడుగుపెట్టగానే దూది పొట్టుకు నాకే గొంతు గరగరమంది. ఆమె పరుపు మీద వంగి కుడుతోంది. కళ్ళు మాత్రం పెద్దవిగా కనబడ్డాయి, మిగతా మనిషి సగమైపోయింది. నన్ను చూసి లేవబోతే దగ్గు తెర పట్టుకుంది. అది ఆగేదాకా నేను దారం డబ్బా పట్టుకొని నిలబడ్డాను.

అత్త నన్ను కూర్చోబెట్టి, టీ పెట్టమని అక్కకు చెప్పింది. అక్క లోపలికి పోయి, డబ్బా మూత తీసిన చప్పుడయ్యాక, అక్కడినుంచే "చక్కెర లేదు" అంది.

అత్త మొహం మాడ్చుకుంది. "ఎన్నిసార్లు చెప్పల్ల నీకు, అట్లనగూడదని. నిండుకుంది అనుమే."

అక్క గడపలోకి వచ్చి నిలబడింది. "లేనిదాన్ని లేదు అనే అంటా అత్తా. నిండుకుంది అంటే ఏమయిందో నువ్వూ సూసినావు కదా." ఆ మాట అత్తతో అంటూ నావైపు చూసింది. మరిది హోటల్లో విని వచ్చి ఇంట్లో చెప్పి ఉంటాడు. ఎన్నాళ్ళయిందో ఆమె ఆ సంగతి మోస్తూ. లారీ ఎక్కే రోజు నేను చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది, ఆమెకూ గుర్తొచ్చే ఉంటుంది. కోపమైతే ఆమె కళ్ళలో లేదు. అది ఉంటే నాకు తేలికయ్యేది.

పక్కింటి నుంచి చక్కెర తెచ్చి టీ ఇచ్చింది. తాగాను. దారం డబ్బా చేతిలో పెడితే మూత తెరిచి, రంగులన్నీ ఒక్కొక్కటిగా వేలితో తాకి చూసింది. "మిషను లేదు కదా టీచరమ్మా" అంది. అయినా తిరిగి ఇవ్వలేదు, పెట్టెలో దాచుకుంది. వస్తాను అక్కా అని లేచాను. సందు చివరిదాకా వచ్చి సాగనంపింది.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో ఆమె మరిది ఏదో పరుపుల బేరం మీద ప్రొద్దుటూరు వచ్చి, మా ఆఫీసు గడపలో నిలబడ్డాడు. లోపల మిషన్లు నడుస్తున్నాయి. వాడి చేతిలో నేనిచ్చిన దారం డబ్బా ఉంది. అది నాకివ్వమని అక్క చెప్పిందట. లోపలికి రమ్మన్నా రాలేదు. అక్క ఎలా ఉందని అడిగాను.

ఏం మాట అనాలో వెతుక్కుంటున్నట్టు వాడు డబ్బా వైపే చూశాడు. తర్వాత, "వదిన లేదు టీచరమ్మా" అన్నాడు.